ఏరియా డైరెక్టర్‌కు ముందు నేర్పాల్సింది అడగడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: జులై 1 నుంచి కర్నూలు, అనంతపురం, కడప వైపు టోస్ట్‌మాస్టర్స్ (నలుగురిలో మాట్లాడటం సాధన చేసే) క్లబ్బులను చూసుకోవడానికి ముగ్గురు కొత్త ఏరియా డైరెక్టర్లు వస్తున్నారు. ముగ్గురూ బాగా మాట్లాడతారు, పోటీల్లో గెలిచినవాళ్ళు. క్లబ్ నడిపిన అనుభవం మాత్రం తక్కువ. జూన్‌లో ఒక ఆదివారం వాళ్ళకు శిక్షణ పెట్టాలి. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

నేను కర్నూలులో మెంబరుగా చేరి, ప్రెసిడెంటుగా, తర్వాత ఏరియా డైరెక్టర్‌గా పనిచేశాను. కొన్నేళ్ళుగా కొత్తగా వచ్చేవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను. కాస్త పెద్దదే అవుతుంది.

ముగ్గురూ బాగా మాట్లాడతారు అన్నారు కదా, శిక్షణలో మీకు ఎదురయ్యే పెద్ద కష్టం అదే. మాటకారి ఏ క్లబ్బుకు వెళ్ళినా మాట్లాడతాడు. క్లబ్బువాళ్ళూ మాట్లాడమనే అడుగుతారు. అందరూ చప్పట్లు కొడతారు. క్లబ్బుకు ఉన్న అసలు ఇబ్బంది ఏమిటో బయటపడకుండానే విజిట్ అయిపోతుంది.

నా మొదటి ఏడాదే నాకు ఇది జరిగింది. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే బస్సెక్కి దూరపు ఊళ్ళో ఒక చిన్న క్లబ్బుకు వెళ్ళాను. పదకొండు మంది ఉన్నారు. శాలువా కప్పారు, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టారు. చివర్లో రెండు మాటలు చెప్పమంటే ఇరవై నిమిషాలు చెప్పాను. మెంబర్లను ఎలా చేర్చుకోవాలి, క్లబ్ ఏడాది పనితీరును సంస్థ కొలిచే డిస్టింగ్విష్డ్ క్లబ్ ప్రోగ్రామ్‌లో పది లక్ష్యాలు ఏమిటి, వాటిలో ఏవి తొందరగా అవుతాయి, అన్నీ వివరించాను. ప్రెసిడెంటు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. బస్టాండు దాకా బండి మీద దింపి, నీళ్ళ బాటిల్ కొనిచ్చి పంపాడు. ఆ రాత్రే రిపోర్టు నింపాను, అన్ని గళ్ళలోనూ బాగుందనే రాశాను.

డిసెంబరుకల్లా ఆ క్లబ్ మీటింగులు ఆగిపోయాయి. మరుసటి ఏడాది ఆ అబ్బాయి ఇంకో చోట కలిశాడు. టీ తాగుతూ చెప్పాడు: "అక్కా, మీరు వచ్చిన పొద్దే మా హాలు పోయే సంగతి చెప్పాలనుకుంటి. నెలాఖరుకు ఖాళీ చేయమని అప్పటికే చెప్పేసినారు. మీరు మాట్లాడతానే ఉంటిరి. బండి మీద చెప్దామంటే గాలికి వినపడదని ఊరుకుంటి."

అదే ఊళ్ళో నాకు బాగా తెలిసిన కాలేజీ కరస్పాండెంట్ ఒకరున్నారు. ఒక్క ఫోన్ చేస్తే శనివారం సాయంత్రాలకు ఒక గది ఇచ్చేవారు. నేను ఫోన్ చేయలేదు, ఎందుకంటే నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం నేను అడగకపోవడం. అందుకే నా శిక్షణలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

కొత్తవాళ్ళకు ఇది చెప్పేటప్పుడు నేను అవధానం గుర్తు చేస్తాను. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి లాంటి అవధానులు బతికిన ప్రొద్దుటూరు మనదే కాబట్టి ఈ పోలిక మనవాళ్ళకు చప్పున అందుతుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒక్కొక్కరూ పెద్ద పండితులే కావచ్చు, కానీ ఆ పూట వాళ్ళు పద్యం చెప్పరు, అడుగుతారు. సమస్య ఇస్తారు, దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ పట్టి చూస్తారు. పద్యం అవధాని నోటినుంచే రావాలి. క్లబ్ విజిట్‌లో ఏరియా డైరెక్టర్ కూర్చునేది పృచ్ఛకుడి స్థానంలో. అవధానం చేయాల్సింది క్లబ్ ప్రెసిడెంటు.

ఇక ఆదివారం సంగతి. నిబంధనల మీద మీ పూట ఖర్చు చేయకండి. అవన్నీ ఒక పేజీలో రాసి వారం ముందే వాట్సాప్‌లో పంపండి. ఏరియాలో మామూలుగా నాలుగు నుంచి ఆరు క్లబ్బులు ఉంటాయి, ఒక్కో క్లబ్బును ఏడాదిలో రెండుసార్లు చూడాలి. మొదటి విడత రిపోర్టు నవంబరు 30 లోపు, రెండోది మే 31 లోపు వెళ్ళాలి. ఒక క్లబ్బుకు ఏడుగురు ఆఫీసర్లు ఉంటారు, వాళ్ళలో కనీసం నలుగురు ప్రతి విడతలోనూ ఆఫీసర్ ట్రైనింగుకు రావాలి. మొదటి విడత జూన్ నుంచి ఆగస్టు 31 వరకు, రెండోది ఫిబ్రవరి ఆఖరులోపు. చందా అక్టోబరు 1కి ఒకసారి, ఏప్రిల్ 1కి ఒకసారి. కనీసం ఎనిమిది మంది చందా కడితేనే క్లబ్ సక్రమంగా ఉన్నట్టు లెక్క. ఇవన్నీ చదివి వచ్చారా లేదా అని పొద్దున ఒక అరగంట అడిగి చూడండి, చాలు. మెంబర్లు ఎందరు, ఆఫీసర్లు ఎందరు ట్రైనింగ్ అయ్యారు, ఎన్ని లక్ష్యాలు పూర్తయ్యాయి అన్న అంకెలు సంస్థ వెబ్‌సైట్‌లో డ్యాష్‌బోర్డులో ఎవరికైనా కనిపిస్తాయి. వాటిని విజిట్‌కు వెళ్ళే ముందే చూసుకుని వెళ్ళాలని గట్టిగా చెప్పండి. ప్రెసిడెంటును పట్టుకుని "మీ మెంబర్లు ఎంతమంది?" అని అడిగితే, మన గురించి ఏమీ తెలుసుకోకుండానే వచ్చారని వాళ్ళకు అర్థమైపోతుంది.

మిగిలిన రోజంతా సాధనే. నేను చేయించేది ఇలా ఉంటుంది. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతాను. ఒకరు ఏరియా డైరెక్టర్, ఒకరు క్లబ్ ప్రెసిడెంటు, మూడోవారు చూసేవారు. ప్రెసిడెంటు వేషం వేసేవారికి ఒక చీటీ ఇస్తాను, అందులో క్లబ్బుకు ఉన్న అసలు ఇబ్బంది రాసి ఉంటుంది. "వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్‌కూ మీకూ మాటల్లేవు, రెండు నెలలుగా ఎజెండా మీరే వేస్తున్నారు" అనో, "మీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఇంకా క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు" అనో ఉంటుంది. షరతు ఒకటే: నేరుగా అడిగితే తప్ప చెప్పకూడదు, సరిగ్గా అడిగితే దాచకూడదు. చూసేవారి ముందు ఒక గ్లాసు, గుప్పెడు బుడ్డలు పెడతాను. బుడ్డలంటే వేరుశనక్కాయలే, అనంతపురంవాళ్ళకు చెప్పక్కర్లేదు. డైరెక్టర్ సలహా ఇచ్చిన ప్రతిసారీ ఒక బుడ్డ గ్లాసులో పడాలి. "మీరు ఇలా చేయండి" అంటే ఒకటి. "మా క్లబ్బులో అయితే మేము" అని మొదలుపెడితే అదీ ఒకటే. "ఇలా చేస్తే బాగుంటుంది కదా?" అని ప్రశ్నలా అడిగినా అది సలహానే, బుడ్డ వేయాల్సిందే.

పది నిమిషాలు గడిచాక గ్లాసు ఎత్తి చూపించండి. మొదటి రౌండులో గ్లాసు సగం నిండుతుంది, చీటీలో ఏముందో డైరెక్టర్‌కు తెలిసి ఉండదు. రెండో రౌండుకు బుడ్డలు తగ్గుతాయి, కానీ ప్రశ్నలు పోలీసు విచారణలా ఉంటాయి. మూడో రౌండులో ఎవరో ఒకరు అడిగి ఊరుకోవడం మొదలుపెడతారు. అడిగాక నాలుగైదు సెకన్లు నోరు మూసుకుని ఉండటం మంచి వక్తలకు ఎంత కష్టమో మీరే చూస్తారు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే ప్రెసిడెంటు చీటీ విప్పుతాడు. ఈ మూడు రౌండ్లకు రెండు గంటలు పట్టినా తొందరపడకండి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనా ఫరవాలేదు.

ఏ ప్రశ్నలు పనికొస్తాయని అడుగుతారు. నేను మూడు నాలుగే ఇస్తాను. పోయిన మూడు నెలల్లో రావడం మానేసింది ఎవరు, వాళ్ళతో చివరగా ఎవరు మాట్లాడారు? వచ్చే నెల మీటింగుల్లో ఎవరెవరు స్పీచ్ ఇస్తారో ఇప్పుడే చెప్పగలరా? ప్రెసిడెంటుగా మీకు ఈ పనిలో ఏది భారంగా ఉంది? చివరిది చాలామందిని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. ఆ ప్రశ్న వినగానే ఒకరిద్దరు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, జీతం లేని ఈ పని చేసే మనుషులు వాళ్ళు.

మన వైపు ప్రత్యేకంగా నేర్పాల్సింది ఇంకొకటి ఉంది, బయటినుంచి వచ్చే శిక్షణ సామగ్రిలో అది దొరకదు. వయసు, వరస, మర్యాద. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఏరియా డైరెక్టర్. క్లబ్ ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ప్రతి మీటింగులోనూ స్పీచ్ మంచిచెడ్డలు చెప్పే ఎవాల్యుయేటర్‌కు ఇచ్చిన మూడు నిమిషాలు దాటి పది నిమిషాలు మాట్లాడతారు, టైము చూసే టైమర్ అయిపోయిందని ఎర్ర కార్డు చూపించడానికి జంకుతాడు. ఆయనతో ఈ మాట ఎలా అనాలి? "మీరు టైము పాటించడం లేదు" అంటే ఆ అమ్మాయి మాట ఇక చెల్లదు. ఏమీ అనకపోతే ఆ క్లబ్బులో కుర్రవాళ్ళు మెల్లగా జారుకుంటారు.

ఆ మాటలు శిక్షణలోనే నోటికి తెప్పించాలి, అచ్చంగా ఏ వాక్యం అంటారో అది పలికించాలి. మా దగ్గర ఒక అమ్మాయి తయారుచేసుకున్న మాట ఇది: "సార్, మీరు చెప్పేవి పిల్లలు రాసుకుంటున్నారు, నేను చూశాను. ఎర్ర కార్డు చూపించడానికి మాత్రం టైమర్ భయపడుతున్నాడు. వచ్చే మీటింగులో మీరే ఎర్ర కార్డు చూసి మాట ఆపేస్తే ఆ అబ్బాయికి ధైర్యం వస్తుంది. మీరు చేస్తేనే మిగతావాళ్ళు చేస్తారు సార్." పెద్దాయన పెద్దరికాన్ని క్లబ్బుకు పనికొచ్చేలా మలిచింది. ఆ మాట నలుగురిలో కాకుండా, మీటింగు అయ్యాక కుర్చీలు సర్దుతున్నప్పుడు పక్కన నిలబడి అంది. ఏ మాట ఎక్కడ అంటున్నాం అన్నది కూడా శిక్షణలో భాగమే. అటువైపు, కాలేజీ క్లబ్బులకు వెళ్ళినప్పుడు పిల్లలను నువ్వు అని పిలవకుండా మీరు అనమని చెప్పండి. పంతొమ్మిదేళ్ళ ప్రెసిడెంటును మీరు అని పిలిస్తే ఆ కుర్రాడు నిటారుగా కూర్చుంటాడు.

శాలువాల సంగతి కూడా ముందే తేల్చండి. మనవాళ్ళకు అతిథి వస్తే సన్మానం చేయకుండా ఉండలేరు, అది మన మంచితనం. కానీ ముఖ్య అతిథి కుర్చీలో కూర్చున్న మనిషికి ఎవరూ తమ కష్టం చెప్పుకోరు. విజిట్‌కు రెండు రోజుల ముందు ప్రెసిడెంటుకు ఫోన్ చేసి, "శాలువా, బొకే వద్దండి, ఆ డబ్బుతో గెస్టులకు టీ పెట్టండి. నాకు ఎజెండాలో ఒక చిన్న రోల్ ఇవ్వండి, టైమర్ అయినా సరే" అని చెప్పమనండి. టైమర్‌గా చేస్తే క్లబ్ మొత్తం తీరు గంటన్నరలో తెలిసిపోతుంది. ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారు, ఎవరికి అసలు అవకాశమే రావడం లేదు, టేబుల్ టాపిక్స్‌కు (అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలకు) ప్రతిసారీ అవే ముఖాలు లేస్తున్నాయా, అన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి.

మీటింగులో ఏం చూడాలన్నది త్వరగా ముగిస్తాను. మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు. కొత్తగా వచ్చిన గెస్టును గుమ్మం దగ్గర ఎవరు పలకరించారు, పక్కన ఎవరు కూర్చుని ఏం జరుగుతోందో చెప్పారు, వెళ్ళేటప్పుడు ఫోన్ నంబరు ఎవరు రాసుకున్నారు. మధ్యలో స్పీచులు ఎలా ఉన్నాయన్నది ఎవాల్యుయేటర్లు చూసుకుంటారు, అది ఏరియా డైరెక్టర్ పని కాదు.

భాష గురించి మీరు అడగలేదు కానీ, ఈ మూడు ఊళ్ళలో దాన్ని వదిలేస్తే శిక్షణ సగమే అవుతుంది. మన క్లబ్బులకు వచ్చేవాళ్ళలో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు. ఆదోని, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్ళలో ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడేవాళ్ళూ ఉంటారు. ఇంగ్లిష్ నేర్చుకోవాలనే వస్తారు, నిజమే. కానీ నాలుగు వారాలు మూల కుర్చీలో కూర్చుని అయిదో వారం నుంచి కనపడరు. మీటింగు ఫలానా భాషలోనే జరగాలన్న నియమం టోస్ట్‌మాస్టర్స్‌లో లేదు. రెండు భాషల్లో నడిచే క్లబ్బులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఈ సంగతి తెలియని ప్రెసిడెంట్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఏరియా డైరెక్టర్ చెప్పదగ్గ సలహా ఏదైనా ఉంటే నా ఉద్దేశంలో ఇదొక్కటే, దీనికి బుడ్డ వేయక్కర్లేదు.

ఒక క్లబ్బులో టేబుల్ టాపిక్స్‌లో రెండు ప్రశ్నలు తెలుగులో పెట్టించాం. ఆరు వారాలుగా నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, వాళ్ళ ఊళ్ళో బోరు వేయించిన రోజు గురించి నిమిషంన్నర చెప్పింది. ఎన్ని అడుగుల దగ్గర మట్టి తడిగా వచ్చిందో, వాళ్ళ నాన్న ఆ మట్టిని చేతిలోకి తీసుకుని ఎలా నలిపి చూశాడో చెబుతుంటే గదిలో ఎవరూ కదల్లేదు. తర్వాతి నెలలో అదే సంగతిని ఇంగ్లిష్‌లో ఐస్ బ్రేకర్‌గా, అంటే తన మొదటి స్పీచ్‌గా చెప్పింది. మాటల మధ్య దొర్లే ఊతపదాలు లెక్కపెట్టే "ఆ-కౌంటర్" రోల్ చేసేవాళ్ళకు కూడా ఒక చిన్న పని పెట్టండి: తెలుగులో మనం ఊతంగా వాడే "అంటే", "అదే", "మరి" లాంటివి కూడా లెక్కపెట్టాలి. తెలుగు బాగా మాట్లాడటానికీ సాధన కావాలని అప్పుడు అర్థమవుతుంది.

కాలేజీ క్లబ్బులు మీ దగ్గర ఎక్కువ ఉంటే ఇంకో జాగ్రత్త. ఫైనలియర్ పిల్లలు మే నెలలో వెళ్ళిపోతారు, జులైలో క్లబ్ పేరు ఒక్కటే మిగులుతుంది. ఆఫీసర్ల ఎన్నిక మేలో జరుగుతుంది కాబట్టి మార్చిలోనే ఏరియా డైరెక్టర్ అడగాలి: సెకండియర్, థర్డియర్ వాళ్ళలో ఎవరెవరు ఆఫీసర్లు కాబోతున్నారు? మెంబరు కావాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి, కాబట్టి ఫస్టియర్‌లో కొందరిని గెస్టులుగానే రమ్మని, నిండగానే చేర్చుకోవాలి. చందా డాలర్ల లెక్కలో ఉంటుంది, హాస్టల్లో ఉండే పిల్లవాడికి అది చిన్న మొత్తం కాదు. సెప్టెంబరు ఆఖరు వారంలో అడిగితే దొరకదు. ఆగస్టు నుంచే నెలకు కొంత పక్కన పెట్టుకోమని చెప్పే ట్రెజరర్ ఉన్న క్లబ్బులు ఎనిమిది మంది దగ్గర ఆగిపోకుండా నిలబడ్డాయి.

దూరాలు కూడా లెక్కలోకి తీసుకోండి. కర్నూలు నుంచి అనంతపురం హైవే మీద సుమారు 150 కిలోమీటర్లు, కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు సుమారు 200. వాలంటీరుగా పనిచేసే మనిషి సొంత డబ్బుతో, సొంత సెలవుతో తిరుగుతాడు. ఏడాది క్యాలెండర్ శిక్షణ రోజునే ముందు పెట్టుకుని కూర్చోండి. సెమిస్టర్ పరీక్షలు, దసరా, సంక్రాంతి తీసేయగా మిగిలిన శని, ఆదివారాలు ఎన్నో లెక్కేస్తే చాలా తక్కువ అని తెలుస్తుంది. విజిట్ తేదీలు అక్కడికక్కడే క్లబ్బులకు ఫోన్ చేసి ఖాయం చేసుకుంటే నవంబరు ఆఖరులో పరుగులు ఉండవు. మీటింగు ఎన్ని గంటలకు ముగుస్తుందో కూడా అడగమనండి. హాస్టల్ గేటు మూసే టైము, పల్లెకు వెళ్ళే ఆఖరి బస్సు టైము తెలియకుండా మీటింగు ఏడున్నర దాటించే క్లబ్బులో అమ్మాయిలు మిగలరు.

రిపోర్టు గురించి ఒక్క మాట. అది పైవాళ్ళకు పంపే కాగితం అనుకుంటే నేను రాసినట్టే అన్నీ బాగున్నాయని రాస్తారు. కాబట్టి క్రమం మార్చండి. మీటింగు అయ్యాక ప్రెసిడెంటు, మిగతా ఆఫీసర్లతో అరగంట కూర్చుని, వాళ్ళు చెప్పినవి వాళ్ళ ముందే రాయాలి. లేచే ముందు క్లబ్ చేయబోయే పని ఒకటి, ఏరియా డైరెక్టర్ చేయబోయే పని ఒకటి తేదీతో సహా ఒప్పుకోవాలి. "పదిహేనో తేదీలోపు హాలు కోసం ఇద్దరితో మాట్లాడతాను" లాంటిది. ఆ తేదీ నాడు క్లబ్బునుంచి ఫోన్ రాకముందే తను ఫోన్ చేయాలి. ఆ తర్వాతే ఆన్‌లైన్‌లో నింపాలి.

చివరగా, ఆదివారంతో శిక్షణ ముగిసిందనుకోకండి. ముగ్గురి మొదటి విజిట్‌కూ మీరు గానీ అనుభవం ఉన్న ఇంకొకరు గానీ వెంట వెళ్ళండి. వెనక వరసలో కూర్చుని నోరు తెరవకండి, ఎంత తప్పుగా జరుగుతున్నా సరే. వచ్చేటప్పుడు బస్సులో అడగండి: "నువ్వు ముందు అనుకోనిది వాళ్ళు ఈరోజు నీకు ఏం చెప్పారు?" జవాబు వెంటనే రాకపోతే గుత్తి దాకా ఆగండి, డోన్ దాకా ఆగండి. వచ్చిన జవాబును తేదీ వేసి మీ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. నవంబరు నాటికి అలాంటివి కొన్ని పోగవుతాయి. చలికాలం విడత ట్రైనింగులో ప్రెసిడెంటు వేషం వేసేవాళ్ళకు ఇవ్వాల్సిన చీటీలు వాటినుంచే రాయండి.